పొగగొట్టం బిగింపు

మోటారు సైకిలు పొగగొట్టం చివర ఉండే లావుపాటి భాగానికి ఇంగ్లీషులో రెండు పేర్లున్నాయి. అమెరికావారు మఫ్లరంటారు. నోటికి గుడ్డ చుట్టి మాట పైకి రాకుండా చేసేదన్నమాట. బ్రిటనువారు సైలెన్సరంటారు, వారి వెనుక నడిచిన మనమూ అదే అంటాము. దీనికి నేను ‘నిశ్శబ్దిని’ అని ఒక తెలుగు మాట తయారు చేసి పెట్టుకున్నాను గాని, కంచరపాలెంలో మా మేస్త్రిగారి షెడ్డుకు వెళ్ళి, “అయ్యా, నా బండికి నిశ్శబ్దిని మార్చాలి” అనేటంత ధైర్యం ఇంతవరకు చిక్కలేదు. పేరు సంగతి అలా ఉంచితే, ఈ వస్తువుకు పట్టిన గతి మాత్రం విచిత్రమైనది. నిశ్శబ్దం కోసం పుట్టిన దాన్ని జనం శబ్దం కోసం కొంటున్నారు. బుల్లెట్టు సామాన్లమ్మే ఏ దుకాణానికైనా వెళ్ళి చూడండి. పంజాబీ, ఇండోరీ, గోల్డ్‌స్టార్, డాల్ఫిన్, షార్క్, మెగాఫోన్ అంటూ రకరకాల గొట్టాలు గోడకు వరుసగా వేలాడుతూ ఉంటాయి. ఏది చూపించమన్నా దుకాణదారు మొదట చెప్పేది ఒకటే, అది ఎంత దూరం వినిపిస్తుందో.

నాకు కావలసినది దానికి పూర్తిగా వ్యతిరేకం.

నా బండి 2012లో కొన్న క్లాసిక్ 350. కాపురం విశాఖపట్నంలో, సముద్రానికి కిలోమీటరు లోపున. ఉప్పుగాలికి ఇనుము నిలవదని ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. కిటికీ చువ్వలు, గేటు మడతబందులు, నీళ్ళ ట్యాంకు మూత, అన్నీ మాకు అయిదారేళ్ళ చుట్టాలే. అయితే సైలెన్సరు కథ వేరు. దాన్ని తినే తుప్పు బయటినుంచి వచ్చేది కొంతే, మిగిలినది లోపలే పుడుతుంది. పెట్రోలు కాలినప్పుడు అందులోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి నీరవుతుంది. లెక్క వేసి చూస్తే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు ఒక లీటరు నీరు! బండి దూరప్రయాణం చేస్తే గొట్టమంతా బాగా వేడెక్కి ఆ నీరు ఆవిరిగానే బయటికి పోతుంది. పాలపాకెట్టుకూ రైతుబజారుకూ తిరిగే బండికి ఆ భాగ్యం లేదు. సైలెన్సరు వేడెక్కేలోగా ఇల్లు వచ్చేస్తుంది, ఆవిరి లోపలే చల్లబడి, పొగలోని ఆమ్లాలతో కలిసి అడుగున నిలుస్తుంది. అందుకే తయారుచేసేవారు చాలా సైలెన్సర్లకు అడుగున, అన్నిటికన్న పల్లమైన చోట, అగ్గిపుల్ల దూరేటంత రంధ్రం ఒకటి పెడతారు. నా పాత సైలెన్సరులో ఆ రంధ్రం చుట్టూ రేకు పొరలు పొరలుగా రాలి, చివరికి రూపాయి బిళ్ళ పట్టేంత అయింది. దానితో బండి గొంతు మారిపోయింది.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పక తప్పదు. ఆయన ఒక కర్మాగారంలో ముప్పయ్యేళ్ళకు పైగా పైపు ఫిట్టరుగా పనిచేశారు. ఇనుప పలకల మీద సుత్తి దెబ్బలు, గ్రైండింగు, ఒక్కసారిగా ఆవిరి వదిలే చప్పుడు. తన వినికిడిలో సగానికి పైగా అక్కడే ధారపోసి ఇంటికి వచ్చారు. మెల్లగా మాట్లాడితే వినపడదు. వినపడనివారికి వీధిలో బండ్ల మోతతో బాధేమిటని అందరూ అనుకుంటారు. అది సరికాదు. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు దెబ్బతిన్నవారికి చిన్న చప్పుళ్ళు వినపడవు గాని, చప్పుడు ఒక హద్దు దాటిందంటే అది మామూలు చెవికి తగిలినంత గట్టిగానూ, ఒక్కొక్కప్పుడు అంతకంటె దుర్భరంగానూ తగులుతుంది. మధ్యలో మెట్లుండవు. వైద్యులు దీన్ని రిక్రూట్‌మెంట్ అంటారు. ఇండోరీ గొట్టం బిగించిన బండి వీధిలో పోయినప్పుడల్లా నాన్నగారు వరండాలో ఉలిక్కిపడి, చేతిలోని కాఫీ గ్లాసు బల్లమీద పెట్టేస్తారు. నా బండి అడుగు తూటుపడిన తరువాత, నేను వీధి మలుపు తిరిగినప్పుడు కూడా ఆ గ్లాసు బల్లమీదికి దిగుతోందని ఒక సాయంత్రం అమ్మ చెప్పింది. ఆయన మాత్రం ఏమీ అనలేదు. కొడుకు ఇంటికి వస్తున్న చప్పుడు కదా.

సైలెన్సరు చరిత్రలోనే ఇటువంటి తండ్రీ కొడుకులు ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. తనంత తాను గుండు నింపుకొని కాల్చే మెషిన్ గన్నును 1884లో కనిపెట్టినవాడు హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. ఆ తుపాకుల మోత దగ్గరే జీవితం గడిపి చివరికి చెవిటివాడైపోయాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకీ చప్పుడును అణచే సైలెన్సరుకు 1909లో పేటెంటు పొందాడు, ఆ సూత్రాన్నే తరువాత ఇంజన్లకూ వర్తింపజేశాడు. తండ్రి చెవికీ కొడుకు పనికీ సంబంధం ఉందని నేను చెప్పబోవడం లేదు. రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఉంటానంతే.

సూత్రం చాలా సాదా అయినది. ఇంజను లోపల మంట మండి, వాల్వు తెరుచుకోగానే వేడివాయువు ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. ఆ దూకుడే చప్పుడు. దాన్ని నేరుగా ఆరుబయటికి వదలకుండా, ముందొక విశాలమైన గదిలోకి వదిలి, వ్యాపించనిచ్చి, చిల్లుల గొట్టాల గుండా మరొక గదిలోకి మళ్ళించి, ఒత్తిడి చల్లారాక పంపించాలి. బుల్లెట్టు ఇంజనులో సిలిండరు ఒక్కటే. నా బండిలో దాని వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిలబడి ఉన్న బండి నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే సెకనుకు ఎనిమిది దెబ్బలు. అందుకే ఆ డుగుడుగులో ప్రతి దెబ్బా విడివిడిగా చెవికి తెలుస్తుంది. ఆ లయంటే నాకూ ప్రేమే. ఆ లయ ఉండడానికి మోత అవసరం లేదని మాత్రమే నా వాదం. తబలా వాయించేవాడు తలుపులు బద్దలు కొట్టనక్కరలేదు.

చట్టం కూడా ఆ మాటే అంటుంది. 175 సీసీ దాటిన మోటారు సైకిళ్ళకు తయారీ దశలో అనుమతించే శబ్దం 80 డెసిబెళ్ళు. విప్పదీసిన గొట్టం నూరు డెసిబెళ్ళు పలికిందనుకుందాం. ఇరవయ్యే కదా తేడా అనిపిస్తుంది. డెసిబెళ్ళ లెక్కలో ఇరవై ఎక్కువంటే శబ్దశక్తి నూరు రెట్లు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, ఇటువంటి బండిని రోడ్డు మీద నడిపితే మొదటి తప్పుకే పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని ఆ ఏడు జనవరిలోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోలీసులు పట్టుకున్న గొట్టాలను నడిరోడ్డున పరిచి రోలరుతో తొక్కించిన దృశ్యాలు చదువరులు చూసే ఉంటారు. గొట్టాలను తొక్కించడం తేలికే. గోడకు వేలాడదీసి అమ్ముతున్నవారి జోలికి పోవడమే కష్టం కాబోలు.

అసలు సైలెన్సరు వెంటనే చేతికందే దారి కనపడక, బయటి తయారీదే కొనడానికి నిశ్చయించుకున్నాను. అయితే లోపల అరలు ఉన్నది, అసలుదాని కొలతలకు చేసినది కావాలి. నాన్నగారు తానూ వస్తానన్నారు. దుకాణంలో ఆయన ధర అడగలేదు. జేబులోంచి టార్చిలైటు తీసి ఒక్కొక్క గొట్టం ఒక చివర వెలిగించి, రెండో చివరనుంచి చూడమన్నారు. వెలుతురు తిన్నగా కనిపిస్తే అందులో అరలు లేవు. చుట్టూ గాజుదూది కూరిన చిల్లుల గొట్టం కావచ్చు, కొత్తలో కొంత మర్యాదగానే పలుకుతుంది గాని ఆ దూది కాలి ఎగిరిపోయిన రోజున దాని అసలు గొంతు బయటపడుతుంది. తరువాత రెండు చేతులతో బరువు చూశారు. లోపల రేకు ఉంటే బరువు ఉంటుంది. ఆరింటిని పక్కన పెట్టాక ఏడవదానిలో చీకటి కనిపించింది. “దీనికి సౌండుండదండీ” అని దుకాణదారు నిజాయితీగా హెచ్చరించాడు. అదే కావాలన్నాము. మా ఇద్దరినీ అతను చూసిన చూపు వర్ణించడం నా శక్తికి మించిన పని.

కంచరపాలెం పేరులోనే కంచరి వృత్తి వినిపిస్తుంది. మా మేస్త్రిగారి షెడ్డు అక్కడ రైలు కట్టకు దగ్గరలో ఉంది. ఆయనకు అరవై దాటాయి. ముందురోజు సాయంత్రమే బండి తెచ్చి వదలమన్నారు. ఎందుకంటే మొదటి గండం విప్పడంలోనే ఉంది. బెండు పైపు ఇంజను తలను కలిసేచోట రెండు స్టడ్డులు, వాటిమీద రెండు నట్లు. ఇంజను తల అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి, వానలో తడిసి, అక్కడి మరలు ఒకదానినొకటి కరచుకుపోయి ఉంటాయి. తొందరపడి పానా వేసి తిప్పితే నట్టు రాదు, స్టడ్డే పుటుక్కున విరుగుతుంది. నా మిత్రుడొకరికి వేరొక చోట ఇదే జరిగింది. విరిగిన ముక్కను డ్రిల్లు వేసి తీయబోతే తలలోని మర పాడైంది. మూడువేల గొట్టం కోసం పోయినవాడు ఇంజను తల విప్పించుకొని ఇంటికొచ్చాడు. మేస్త్రిగారు రాత్రే నట్లకు నూనె పట్టించి వదిలేశారు. పొద్దున్న మరోసారి. తరువాత నట్టును విప్పే వైపుకు కొంచెం, బిగించే వైపుకు కొంచెం, మళ్ళీ విప్పే వైపుకు, ఇలా బుజ్జగిస్తూ తెచ్చారు. ఈ ముందుకూ వెనక్కూ ఎందుకంటే, మరల మధ్య నలిగిన తుప్పు అడ్డుపడకుండా కొద్దికొద్దిగా రాలడానికి. రెండు నట్లకు ముప్పావుగంట పట్టింది. ఆ సేపంతా ఆయన నోట ఒక్క మాట లేదు.

గొట్టం ఊడాక చాలామంది చేయని పని ఒకటుంది. ఇంజను తలలోని ఆ నోటి లోపల పాత ప్యాకింగు రింగు ఉండిపోతుంది. మసి పట్టి నల్లగా, అది కూడా తలలో భాగమే అన్నట్టు కూర్చుంటుంది. దాన్ని తీయకుండా కొత్త రింగు పెడితే రెండూ కలిసి సరిగా నొక్కుకోవు. పాతదే చాలునని వదిలితే, ఒకసారి నలిగిన రింగు మళ్ళీ నలగదు. రెండు విధాలా పొగ కారుతుంది. మేస్త్రిగారు వంచిన మేకు ఒకటి తీసుకొని, నోరంతా తడిమి, రింగును ముక్కలు ముక్కలుగా బయటికి లాగారు. ఆ చోటును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, టార్చి వేసి నాన్నగారికి చూపించారు. ఎందుకు నాకు కాక ఆయనకు చూపించారో ఇప్పటికీ తెలియదు. ఒకే పని చేసినవాళ్ళు ఒకరినొకరు ఎలా గుర్తుపడతారో వారికే తెలియాలి.

ఇక అసలు పని. కొత్త రింగు పెట్టి, స్టడ్డుల మరలకు కాస్త గ్రాఫైటు గ్రీజు రాసి, బెండు పైపు ఎక్కించి, నట్లను వేళ్ళతో మాత్రమే నాలుగు చుట్లు తిప్పి వదిలారు. సైలెన్సరును బెండు పైపు మీదికి తోసి, క్లాంపును వదులుగా ఉంచారు. మిగిలినది వెనుక బ్రాకెట్టు. అక్కడ బోల్టు వేయవలసిన రంధ్రం, ఫ్రేముమీది రంధ్రం కలవలేదు. చిటికెన వేలి మందాన కింద ఉంది. బయటి తయారీ గొట్టాల దగ్గర ఇది సర్వసాధారణం. షెడ్డులో పనిచేసే కుర్రాడు అలవాటు ప్రకారం ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి, సైలెన్సరు కింద పెట్టి ఎత్తి, రంధ్రాలు కలిపి బోల్టు దూర్చబోయాడు.

“ఒగ్గెయ్‌రా!” అన్నారు మేస్త్రిగారు. “ముందు యేలాడనీ. ఏటి తక్కువైందో అదే సెప్తాది.”

కుర్రాడు కడ్డీ తీశాడు. గొట్టం రెండు ఊపులు ఊగి, దానికి నచ్చిన చోట నిలిచింది. మేస్త్రిగారు పీట వేసుకొని దానివంక చూస్తూ కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు నాన్నగారు, అక్కడ ఏమనుకున్నారో వినపడకుండానే, నా చెవి దగ్గరికి వంగి పెద్దగా అన్నారు: “బోల్టు పట్టుకోవాలి గాని లాగకూడదురా. అది చేతికి రావాలి.” ఆవిరి పైపుల దగ్గర ఆయన జీవితమంతా పాటించిన నియమం అది. రెండు ఫ్లాంజీలు ముందు తమంతట తాము ముఖాముఖీ కావాలి. దూరంగా ఉన్నవాటిని బోల్టుతో లాగి కలిపితే, ఆ లాగిన బలమంతా పోయేది కాదు, ఆ గొట్టంలోనే దాగి కూర్చొని రాత్రింబగళ్ళు పనిచేస్తూ ఉంటుంది.

మోటారు సైకిలు మీద అది మరీ ప్రమాదం. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజను సెకనుకు ఇరవై అయిదు దెబ్బలు కొడుతుంది. గంట ప్రయాణానికి తొంభై వేలు. ఈడ్చి బిగించిన గొట్టం ఆ తొంభై వేల దెబ్బలనూ ముందే బిగుసుకున్న కండరంతో తీసుకుంటుంది. దీనికి తోడు వేడి. మీటరు పొడవున్న మామూలు ఉక్కు గొట్టం మూడు వందల డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ అయితే అయిదు. అది పెరగడానికి చోటు లేకపోతే ఎక్కడో ఒకచోట తన్నుతుంది. బ్రాకెట్టు వెల్డింగు దగ్గర చీలిక వస్తుంది, లేదా ముందు కాలరు దగ్గర పగులుతుంది, లేదా స్టడ్డు అల్యూమినియం మరలను పీకుకుని వస్తుంది. ఏది జరిగినా షెడ్డులో జరగదు. జాతీయ రహదారి మీద, వెనుక లారీ ఉన్నప్పుడు జరుగుతుంది. సైలెన్సరు ఒక చివర ఊడి రోడ్డును గీరుకుంటూ పోతే ఆ బండి నడిపేవాడి గతి ఊహించుకోవచ్చు. నెలకొకసారి నేను అమ్మను వెనుక కూర్చోబెట్టుకొని సింహాచలం వెళ్ళే బండి ఇది.

మేస్త్రిగారు చేసిన ఉపాయం ఏమంత గొప్పది కాదు. సైలెన్సరు దించి, బ్రాకెట్టును వైసుకు పట్టించి, ఆకురాయితో రంధ్రాన్ని పైకి సాగదీశారు. అరగంట రాపిడి. మళ్ళీ ఎక్కించి చూశారు, ఇంకా ఒక దారం మందం. మళ్ళీ దించారు. పక్కకు కూడా కాస్త ఎడం ఉంటే, బోల్టుతో లోపలికి లాగకుండా ఆ ఎడంలో రెండు వాషర్లు వేశారు. చివరికి బోల్టు రెండు వేళ్ళతో తోస్తే చప్పుడు లేకుండా దూరిపోయింది. ఆ దూరిపోవడం చూసినప్పుడు కలిగిన సంతోషం, మంచి పద్యంలో యతి తానుగా వచ్చి కూర్చున్నప్పుడు కలిగే సంతోషమే.

బిగింపుకు ఒక వరుస ఉంది. మొదట ఇంజను దగ్గరి రెండు నట్లు, అవి కూడా ఒకటి పూర్తిగా బిగించి రెండోది కాదు, పావు చుట్టు ఇది, పావు చుట్టు అది. ఫ్లాంజీకీ ఇంజను తలకూ మధ్య సందు రెండు వైపులా సమానంగా తగ్గుతూ రావాలి. తరువాత మధ్య క్లాంపు. అన్నిటికన్న చివర వెనుక బ్రాకెట్టు. ముందు వెనుకభాగం బిగించి తరువాత ముందుకు వస్తే మళ్ళీ మొదటి కథే, నట్లు గొట్టాన్ని ఈడ్వవలసి వస్తుంది. నాన్నగారు వంగి, బొటనవేలి గోరును ఫ్లాంజీ సందులో ఒక పక్క పెట్టి చూశారు, తరువాత రెండో పక్క. ఏమీ అనకుండా నిటారుగా నిలబడ్డారు. మేస్త్రిగారు అప్పుడు టీ చెప్పారు.

టీ తాగుతుండగా పక్కనున్న ఆర్‌ఎక్స్ 100 మీదికి మాట మళ్ళింది. రెండు స్ట్రోకుల బండ్లకు గొట్టం పొగ పోయే దారి మాత్రమే కాదు, ఇంజనులో ఒక అవయవం. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే ఆ ఆకారంలో ఒత్తిడి అల ఒకటి వెనక్కు తిరిగి వచ్చి, కాలకుండా బయటికి జారిపోతున్న పెట్రోలు ఆవిరిని మళ్ళీ సిలిండరులోకి నెట్టేస్తుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ అలను లెక్కకట్టి లొంగదీశాడు. 1961 నాటికి 125 సీసీ ఇంజనులోనుంచి 25 గుర్రాల బలం తీశాడు. ఆ ఏడే ఆయన రేసరు ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడను పందెం రోజున దేశం వదిలి పారిపోయి సుజుకీలో చేరాడు, మరుసటి ఏడు ఆ కంపెనీకి 50 సీసీ ప్రపంచ పట్టం సాధించి పెట్టాడు. పారిపోయిన మనిషితో పాటు గొట్టం రహస్యం కూడా సరిహద్దు దాటింది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఈ ప్రభావం అంత లేదు గాని, అసలే లేదనకూడదు. అడ్డులేని గొట్టం పెట్టినప్పుడు చాలా బండ్లలో గాలి పాలు ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతుంది. కార్బొరేటరులో జెట్టు మార్చి సరిచేసుకోవాలి. గొట్టం మార్చే నూరుమందిలో జెట్టు గురించి అడిగేవాడు ఒకడైనా ఉంటాడా అని మేస్త్రిగారిని అడిగితే, “ఏటి బాబూ, సౌండొస్తే సాలు గదా ఆళ్ళకి” అన్నారు.

స్టార్టు చేసేముందు గొట్టాన్నంతా కిరసనాయిలుతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. లేకపోతే మన వేళ్ళ జిడ్డు క్రోము మీద కాలి, గోధుమరంగు వేలిముద్రలుగా శాశ్వతంగా నిలిచిపోతుంది. తరువాత పొగ కారుతోందా అన్న పరీక్ష. దీనికి మేస్త్రిగారి పనిముట్టు అగరువత్తి. ఇంజను తిరుగుతుండగా, కీలు చల్లగా ఉన్నప్పుడే, వత్తి పొగను ఫ్లాంజీ చుట్టూ తిప్పాలి. పొగ నిలకడగా పైకి లేస్తే మంచిది, ఎక్కడైనా బెదిరి పక్కకు తప్పుకుంటే అక్కడ కంత ఉంది. ఇంజను దగ్గర చిన్న కంత ఉంటే, ఏక్సిలరేటరు వదిలినప్పుడు బయటి గాలి లోపలికి పీల్చుకోబడి, మిగిలిన పెట్రోలు ఆవిరి గొట్టంలోనే మండి పటపటమంటుంది. దాన్ని విని మురిసిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. మా అగరువత్తి పొగ బెదరలేదు. సెంటరు స్టాండు వేసి తీసి, వెనుక బ్రేకు పెడలు తొక్కి, ఇద్దరిని కూర్చోబెట్టి కిందికి నొక్కి, ఏదీ గొట్టానికి తగలడం లేదని చూసుకొని బయలుదేరాము.

మూడో రోజు పొద్దున్న, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, నట్లకు మరోసారి పానా వేయమని మేస్త్రిగారు మరీ మరీ చెప్పారు. కొత్త రింగు వేడికి ఇంకొంచెం నలిగి కూర్చుంటుంది, ఆ మేరకు నట్టు వదులవుతుంది. పానా వేస్తే ఒకటి పావు చుట్టు తిరిగింది, రెండోది అంతకు కొంచెం తక్కువ. నాన్నగారు పక్కన నిలబడి రెండింటికీ తల ఊపారు. ఆ వారంలో అమ్మను గ్లాసు సంగతి అడిగాను. నేను వచ్చినట్టు ఇప్పుడు ఆయనకు తెలియడం లేదట, గేటు గడియ తీశాక చూస్తున్నారట. ఈ ఏర్పాటు ఆయనకు నచ్చిందో లేదో అడగాలనుకుంటూనే అడగలేకపోయాను. వరండాలో తన కుర్చీని మాత్రం గేటు కనిపించేలా కాస్త పక్కకు జరుపుకున్నారు.

వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం బండి స్టార్టు చేసి నిలబెడితే, సైలెన్సరు అడుగునుంచి చుక్క చుక్కగా నీరు రాలుతోంది. పక్కింటివారు పేపరు తీసుకోవడానికి వచ్చి చూసి, “కొత్తది కదండీ, అప్పుడే కారిపోతోందే! వెల్డింగు పెట్టించేయండి” అన్నారు. అది కారడానికే పెట్టిన రంధ్రమని, మూస్తే అడుగు తినేస్తుందని, లీటరు పెట్రోలుకు లీటరు నీరని చెప్పుకొచ్చాను. శ్రద్ధగా విన్నారు. మధ్యాహ్నం వాళ్ళబ్బాయి చేత ఎమ్‌సీల్ ప్యాకెట్టు ఒకటి పంపించారు. దాన్ని పానాల డబ్బాలో వేసి ఉంచాను, నీళ్ళ ట్యాంకుకు పనికొస్తుంది.